నిండిన విచారణ, దొరకని గుడి

పాశ్చాత్య దేశాల్లో కతోలిక గుళ్లు మూతపడుతున్నాయన్నది పాత వార్తే. అమెరికాలోని బాల్టిమోర్ నగరం చుట్టూ ఉన్న 61 విచారణలను (పారిష్‌లను) 2024లో 23కి కుదించారు. పూజాబలి జరిగే చోట్లు 30 మిగిలాయి. అంతకు ముందు ఏడాది సెయింట్ లూయిస్ అగ్రపీఠం (ఆర్చిడయోసిస్) తన 178 విచారణలను 134కి తెచ్చింది. అదే దేశంలో, ఒక్కోసారి అదే ఊళ్లో, ఇంకో రకం కతోలికులు ఆదివారం వస్తే కూర్చునే చోటు చాలక బడి హాలులోనో అద్దె గదిలోనో పూజ జరుపుకుంటున్నారు. వీళ్లు 1962 నాటి పూజాగ్రంథం ప్రకారం, లాటిన్‌లో, పాత పద్ధతి పూజాబలి కోరుకునే సంప్రదాయ కతోలికులు. ఒకచోట గుడి ఉండి జనం లేరు, ఇంకోచోట జనం ఉండి గుడి లేదు. రెంటినీ కలిపేస్తే సరిపోదా అని బయటివాళ్లకు అనిపిస్తుంది. యాభై ఏళ్లుగా అది ఎందుకంత కష్టమైందో, కుదిరిన చోట ఎలా కుదిరిందో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాయికీ సున్నానికీ ఇక్కడ కరువు లేదు, డబ్బు కొరత కూడా అనుకున్నంత పెద్దది కాదు. గుడి తాళం ఎవరి దగ్గరుంది, వాళ్లు దాన్ని ఎన్నాళ్లకు ఇస్తారు అన్న దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

అసలు వీళ్లు గుడి లేనివాళ్లు ఎలా అయ్యారు? ఐదవ పయస్ పోపు 1570లో స్థిరపరచిన పూజాక్రమమే, చిన్న చిన్న మార్పులతో, నాలుగు వందల ఏళ్లు నడిచింది. రెండవ వాటికన్ మహాసభ తర్వాత ఆరవ పాల్ పోపు 1969లో కొత్త పూజాగ్రంథం తెచ్చారు. భాష మారడం అందరికీ కనిపించిన మార్పు. గుడి లోపలి అమరిక మారడాన్ని మాత్రం చాలామంది లెక్కలోకి తీసుకోరు. గోడకు ఆనుకొని ఉన్న పెద్ద బలిపీఠం ముందు మరో పీఠం వేశారు. కొన్నిచోట్ల పాతదాన్ని పడగొట్టారు. జనం మోకరించి దివ్యసత్ప్రసాదం తీసుకునే కటాంజనాలు తీసేశారు. చాలా గుళ్లలో పక్క పీఠాలు మాయమయ్యాయి. దాంతో పాత పూజ కోరుకునేవాళ్లకు అనుమతి ఒక్కటే కాదు, ఆ పూజ చేయడానికి వీలుగా అమర్చిన గుళ్లూ పోయాయి. ఈ రెండో నష్టం తీరడం మొదటిదాని కంటే కష్టం. పోపు ఒక్క సంతకంతో అనుమతి ఇవ్వగలరు. పడగొట్టిన పాలరాతి పీఠం సంతకంతో తిరిగి రాదు.

అనుమతుల కథ క్లుప్తంగా చెబుతాను, తెలిసినవాళ్లకు ఇది విసుగు. 1971లో ఇంగ్లండు, వేల్స్ కతోలికులకు కొన్ని సందర్భాల్లో పాత పూజ చేసుకునే వీలు దొరికింది. అందుకోసం వినతిపత్రం మీద సంతకం పెట్టినవాళ్లలో రచయిత్రి అగాథా క్రిస్టీ కూడా ఉన్నారు. ఆవిడ కతోలికురాలే కాదు. 1984లో రెండవ జాన్ పాల్ పోపు ఆ వీలును ప్రపంచమంతటికీ పెంచారు, అదీ బిషప్ దయ మీద. 1988 జూన్ 30న స్విట్జర్లాండులోని ఎకోన్‌లో, పాత పూజనే పట్టుకున్న ఆర్చిబిషప్ లెఫెవ్ర్ పోపు అనుమతి లేకుండా నలుగురిని బిషప్పులుగా అభిషేకించారు. ఆయన స్థాపించిన పదో పయస్ సంఘం అప్పట్నుంచి రోముతో తెగీ తెగని సంబంధంలో ఉంది. ఆయనను వదిలి రోముతోనే ఉండిపోయిన గురువులు అదే ఏడాది జులైలో పేతురు సంఘం పెట్టారు. 1990లో, పాత పూజే చేసే క్రీస్తురాజు సంస్థ వచ్చింది. 2007లో పదహారవ బెనెడిక్ట్ పోపు దాదాపు ప్రతి గురువుకూ పాత పూజ స్వేచ్ఛ ఇచ్చారు. 2021 జులై 16న ఫ్రాన్సిస్ పోపు దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఆజ్ఞలో గుడి వేటకు నేరుగా తగిలే మాట ఒకటుంది. పాత పూజకు బిషప్ చోటు చూపించాలి, కానీ అది విచారణ గుడి కాకూడదు, ఇందుకోసం కొత్త విచారణలు ఏర్పాటు చేయకూడదు.

సరైన గుడి అంటే ఏమిటో ఇక్కడ కాస్త ఆగి చూడాలి. గోపురం మీద మోజు అనుకొని కొట్టిపారేసేవాళ్లు ఎక్కువ. బడి వ్యాయామశాలలో పాత పూజ ఎలా జరుగుతుందో ఊహించుకోండి. శనివారం రాత్రో ఆదివారం తెల్లవారుజామునో నలుగురు మనుషులు మడత కుర్చీలు పరుస్తారు. బాస్కెట్‌బాల్ బుట్ట కింద చక్క వేదిక వేస్తారు. దాని మీద బల్ల, బల్ల మధ్యలో వేదసాక్షుల అవశేషాలు పొదిగి బిషప్ ఆశీర్వదించిన చిన్న పలక రాయి, దాని మీద మూడు నార గుడ్డలు, మధ్యన సిలువ, ఇరువైపులా మైనపు కొవ్వొత్తులు, గురువు చదువుకోవడానికి నిలబెట్టే మూడు పీఠపు ఫలకాలు పెడతారు. సిమెంటు నేల మీద మోకరించాలి. చిన్నపిల్లల తల్లులు సామాన్ల గదిలో నిలబడాలి. పాపసంకీర్తనం చెప్పుకునేవాళ్ల వరుస కూడా కుర్చీల మధ్యే. పూజ ముగిసిన అరగంటలో అంతా విప్పి సర్దెయ్యాలి, ఎందుకంటే మధ్యాహ్నం అక్కడ ఆట ఉంటుంది.

పెద్ద పాటపూజ చేయాలంటే ఇది ఇంకా ఇరుకు. గురువుకు తోడు డీకను, ఉపడీకను, సాంబ్రాణి పట్టేవాడు, కొవ్వొత్తులు పట్టే పిల్లలు ఉంటారు. పీఠానికి మెట్లు కావాలి, మెట్ల ముందు ఖాళీ కావాలి. పాటగాళ్లు మేడ మీద ఉంటేనే పాట గుడంతా వినిపిస్తుంది. ఒకరి కంటే ఎక్కువమంది గురువులుంటే, పాత పద్ధతిలో ఎవరి పూజ వాళ్లు చేయాలి కాబట్టి పక్క పీఠాలు కావాలి. ఈ లెక్కన 19వ శతాబ్దపు గుడి వీళ్లకు అలంకారం కిందికి రాదు. వీళ్లకది పనిముట్టు. ఆ పూజ కోసమే కట్టిన ఇల్లది.

మరి కొనుక్కోవచ్చుగా, కట్టుకోవచ్చుగా? 1970లలో పిట్స్‌బర్గ్ శివార్లలో వేంకటేశ్వరస్వామి గుడి కట్టినవాళ్లు స్థలం కొన్నారు, తిరుపతి సాయం తీసుకున్నారు, కట్టారు. పురపాలక అనుమతి తప్ప ఎవరి అనుమతీ అడగనక్కర్లేకపోయింది. కతోలికులకు అలా కుదరదు. సభ ధర్మశాస్త్రం 1215వ నియమం ప్రకారం, మేత్రాసన (డయోసిస్) బిషప్ లిఖితపూర్వక సమ్మతి లేకుండా గుడి కట్టకూడదు. ఆయన కూడా గురువుల సభనూ, చుట్టుపక్కల గుళ్ల పెద్దలనూ సంప్రదించాలి. ఉన్న గుడి మాటా అంతే. అమెరికాలో చాలాచోట్ల గుళ్ల ఆస్తులు చట్టం దృష్టిలో బిషప్ చేతిలో ఉంటాయి. విశ్వాసులు పైసా పైసా కూడబెట్టి కొన్న భవనమైనా, అందులో ఏ పూజ జరగాలో తేల్చేది వాళ్లు కాదు.

ఈ చిక్కును తెగ్గొట్టే దారులు మూడు కనిపిస్తాయి: ఆక్రమించడం, ఖాళీ అయిన గుడిని అందుకోవడం, కొత్తది కట్టడం.

ఆక్రమణ కథ పారిస్‌ది. 1970లలో అక్కడి సంప్రదాయవాదులు కొన్నాళ్లు వాగ్రామ్ హాల్ అనే అద్దె సభామందిరంలో పూజలు జరుపుకున్నారు. 1977 ఫిబ్రవరి 27న ఫాదర్ ఫ్రాన్స్వా ద్యుకో-బుర్జే నాయకత్వంలో సేన్-నికోలా-దు-షార్దొనే గుడిలోకి వెళ్లి కూర్చున్నారు. ఖాళీ చేయించమని కోర్టులు తీర్పిచ్చాయి. పోలీసులు అమలు చేయలేదు. ఈ రోజుకీ అది పదో పయస్ సంఘం చేతిలోనే ఉంది. ఫ్రాన్సులో 1905 చట్టం తర్వాత పాత గుళ్లు నగరాల ఆస్తి అయ్యాయి కాబట్టి ఇది సాధ్యపడింది. ఆర్చిబిషప్ యజమాని కాదు, యజమాని అయిన నగరానికి పూజల తగాదా పట్టదు. సాహసం అనేవాళ్లున్నారు. పూజ చేస్తున్న విచారణ గురువును ఆయన గుడి నుంచే వెళ్లగొట్టడం సాహసమెలా అవుతుందో నాకు అర్థం కాదు. పైగా ఆ దారి ఫ్రాన్సు దాటితే నడవదు.

రెండో దారికి మంచి ఉదాహరణలు ఇంగ్లండు వాయవ్యంలో ఉన్నాయి. ప్రెస్టన్ పట్టణంలో సెయింట్ వాల్‌బర్గ్ గుడి 1854లో తెరిచారు. గుర్రబ్బండికి తన పేరు పెట్టిన జోసెఫ్ హాన్సమ్ దాని రూపశిల్పి. 94 మీటర్ల గోపురం, ఇంగ్లండు విచారణ గుళ్లలో అంతకంటే ఎత్తయినది లేదు. గోపురం రాళ్లలో రైలు పట్టాల కింద వేసిన పాత సున్నపురాళ్లు కూడా ఉన్నాయి. కాటన్ మిల్లుల కాలంలో కిటకిటలాడిన ఆ గుడి మిల్లులు పోయాక వెలవెలబోయింది. 2014లో లాంకాస్టర్ బిషప్ మైకేల్ క్యాంప్‌బెల్ దాన్ని క్రీస్తురాజు సంస్థకు అప్పగించారు.

మెర్సీ నది ఒడ్డున న్యూ బ్రైటన్‌లో ఉన్న గుడి కథ ఇంకా ముచ్చటైనది. 1935 నాటి ఆ గుడికి పెద్ద ఆకుపచ్చ గుమ్మటం ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో అట్లాంటిక్ దాటి వచ్చే నావికులకు ఇల్లు చేరామని చెప్పే గుర్తు అదే, అందుకే ఇంటి గుమ్మటం అని పేరొచ్చింది. 2008లో మూసేశారు. 2012లో ష్రూస్‌బరీ బిషప్ మార్క్ డేవిస్ క్రీస్తురాజు సంస్థను పిలిచి తెరిపించారు. వారింగ్టన్‌లో ప్యూజిన్ కుటుంబం గీసిన సెయింట్ మేరీ గుడిని లివర్‌పూల్ అగ్రపీఠం 2015లో పేతురు సంఘానికి ఇచ్చింది. రెండేళ్లకే అక్కడ ఇద్దరికి పాత పద్ధతిలో గురుపట్టాభిషేకం జరిగింది, చేసింది ఆర్చిబిషప్ మాల్కమ్ మెక్‌మాన్ స్వయంగా. ఐర్లండులోని లిమెరిక్‌లో జెస్విట్లు 2006లో వదిలిన తిరుహృదయ గుడి ఒక స్థిరాస్తి వ్యాపారి చేతికి వెళ్లింది. ఆర్థికమాంద్యంలో అతని పథకాలు మునిగాక 2012లో క్రీస్తురాజు సంస్థ సుమారు 7 లక్షల యూరోలకు కొనుక్కుంది.

ఈ నాలుగు చోట్లా మొదటి అడుగు బిషప్‌దో, బజారుదో. విశ్వాసులు కోర్టులకెక్కి సాధించింది ఒక్కటీ లేదు. పెద్ద గుడి వస్తే దానితో పాటు దాని జబ్బులూ వస్తాయని కూడా చెప్పుకోవాలి. వందేళ్ల పైకప్పు, సీసపు తొడుగు, తడిసిన గోడలు, బిగించని విద్యుత్ తీగలు. మూడు వందలమంది విచారణకు మూడు వేలమంది గుడి నిర్వహణ ఖర్చు మీద పడుతుంది. దాతలు గోపురానికి ఇచ్చినంత సంతోషంగా మురుగు గొట్టానికి ఇవ్వరు.

రోములో ఈ గొడవ లేకుండానే పని జరిగింది. త్రిత్వానికి అంకితమైన ట్రినిటా దేయి పెల్లెగ్రీని గుడిని 2008లో పేతురు సంఘానికి విచారణగా ఇచ్చారు. పెద్ద పీఠం మీద గీదో రేనీ చిత్రం, పీఠాలన్నీ పాతచోటే. యాత్రికుల ఆతిథ్యం కోసం కట్టిన ఆ గుడిని మార్చాల్సిన పని పడలేదు. పోపు ఊళ్లో పోపు అనుకుంటే ఇంత సులువు.

దీనికి ఎదురు ఉదాహరణ చికాగో. నగరానికి దక్షిణాన వుడ్‌లాన్‌లో, నల్లజాతివారు ఎక్కువగా ఉండే పేటలో, హెన్రీ ష్లాక్స్ గీసిన పాత సెయింట్ క్లారా గుడి ఉంది. 1976లో ఒకసారి కాలింది. క్రీస్తురాజు సంస్థ దాన్ని తీసుకొని బాగుచేస్తుండగా 2015 అక్టోబరు 7న మళ్లీ కాలి పైకప్పు కూలింది. అగ్రపీఠం కూల్చేద్దామనుకుంది. పేటవాసులు, నగర వారసత్వ ప్రేమికులు, సంప్రదాయ కతోలికులు కలిసి నిలబడ్డారు. వీళ్లలో చాలామందికి లాటిన్ పూజతో పనే లేదు, తమ వీధిలో మిగిలిన అందమైన భవనం పోకూడదన్నదే వాళ్ల పట్టు. 2016లో అగ్రపీఠం గుడిని సంస్థ పేర రాసిచ్చింది. ఇంతా జరిగాక 2022 ఆగస్టులో అక్కడ బహిరంగ పూజలు ఆగిపోయాయి, 2021 ఆజ్ఞ అమలు విషయంలో కార్డినల్‌తో కుదరక. దస్తావేజు చేతికొచ్చినంత మాత్రాన పూజకు అనుమతి ఉన్నట్టు కాదు. గుడి వేట గురించి రాసేవాళ్లు ఈ ఒక్క కేసును వదలకుండా చదవాలి.

మూడో దారి కొత్త గుడి కట్టడం. కాన్సస్ రాష్ట్రంలో సెయింట్ మేరీస్ అనే చిన్న ఊరుంది, జనాభా మూడు వేలు దాటదు. అక్కడి పాత జెస్విట్ కళాశాల ఆవరణ 1978లో పదో పయస్ సంఘం చేతికి వచ్చింది. అదే ఏడాది నవంబరులో అక్కడి ఇమ్మాకులాతా గుడి కాలిపోయింది. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా వేరే చోట్లలోనే పూజలు. జనం పెరిగినకొద్దీ ఆదివారం పూజల సంఖ్య పెంచుకుంటూ పోయారు. 1,500 మందికి పైగా పట్టే కొత్త గుడిని 2023 మే 3న ప్రతిష్ఠించారు. అది కట్టగలిగింది కూడా బిషప్ అనుమతి కోసం ఆగని సంఘం కావడం వల్లనేనని ఒప్పుకోవాలి. మేత్రాసనంతో కలిసి నడిచే విచారణ అంత డబ్బు పోగేసినా, ముందు 1215వ నియమం దాటాలి.

2021 తర్వాత ఏం జరిగిందో చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. వాషింగ్టన్ అగ్రపీఠం 2022లో పాత పూజను మూడు చోట్లకు కుదించింది: ఒక ఫ్రాన్సిస్కన్ మఠం, రెండు పాత చిన్న గుళ్లు. 2023 ఫిబ్రవరిలో విచారణ గుళ్లకు మినహాయింపు ఇచ్చే అధికారం బిషప్పుల చేతిలోంచి రోము చేతికి వెళ్లింది. 2025లో షార్లెట్ బిషప్ నాలుగు విచారణల్లో పాత పూజను ఆపి, అందరినీ మూర్స్‌విల్‌లోని ఒక్క చిన్న గుడికి వెళ్లమన్నారు. అది మునుపు ప్రొటెస్టెంట్ల భవనం. అదే ఏడాది డెట్రాయిట్‌లో విచారణ గుళ్లలో పాత పూజ ఆగిపోయింది. క్రీస్తురాజు సంస్థ చేతిలో ఉన్న సెయింట్ జోసెఫ్ పుణ్యక్షేత్రంలో కొనసాగింది. పేతురు సంఘానికి మాత్రం 2022 ఫిబ్రవరిలో ఫ్రాన్సిస్ పోపు తమ సొంత గుళ్లలో పాత గ్రంథాలు వాడుకోవచ్చని ప్రత్యేక ఆదేశం ఇచ్చారు. అంటే సంఘానికి సొంత గుడి ఉంటే ఒక లెక్క, అరువు గుడి అయితే ఇంకో లెక్క. 2021 దాకా గుడి సౌకర్యం కోసం వెతికారు, ఆ తర్వాత నిలబడటానికి వెతుకుతున్నారు.

బిషప్పుల వైపు వాదన తీసిపారేయాల్సింది కాదు. ఒకే ఊళ్లో ఒక విచారణ మూసి, పక్క వీధిలో ఇంకో రకం పూజ వాళ్లకు పెద్ద గుడి ఇస్తే, మూతపడ్డ విచారణ పెద్దలకు ఏమని చెప్పాలి? వాళ్ల తాతలు కట్టిన గుడి అది. పైగా సంప్రదాయ విచారణకు వచ్చే జనంలో చాలామంది పక్క విచారణల నుంచే వస్తారు, గంటకు పైగా కారులో ప్రయాణం చేసి. పెరుగుదలగా కనిపించేదాంట్లో కొంత వలసే. రెండవ వాటికన్ మహాసభనే తప్పుపట్టేవాళ్లు కొందరు ఆ గుంపుల్లో ఉన్నారన్న భయం కూడా ఊరికే పుట్టలేదు. ఇవన్నీ నిజమే. కానీ పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, గురుజీవితపు పిలుపులు అక్కడ ఎక్కువగా కనిపిస్తున్నాయన్నదీ నిజమే. పేతురు సంఘం 1988లో డజనుమంది గురువులతో మొదలై ఇప్పుడు మూడు వందలు దాటింది. దీన్ని ఫ్యాషన్ అని కొట్టేయడం సోమరితనం.

మన వాళ్లకు ఇందులో పట్టే సంగతి ఉందా? డెబ్బై ఐదు దాటిన తెలుగు కతోలికులకు గురువు పీఠంవైపు తిరిగి లాటిన్‌లో పూజ చేస్తుంటే తాము బెంచీల్లో తెలుగులో జపమాల చెప్పుకున్న రోజులు గుర్తుంటాయి. ఆ పూజ కోసం ఇక్కడ పెద్దగా ఉద్యమం రాలేదు. తెలుగు పూజ రావడం మనవాళ్లకు లాభంగానే తోచింది, నాకూ అలాగే తోస్తుంది. మనకు తెలిసిన గుడి వేట వేరే రకం. చెట్టు కిందో పందిట్లోనో మొదలైన సబ్‌స్టేషన్ (విచారణ కింది ఉపకేంద్రం) రేకుల షెడ్డుకు చేరి, ఊరివాళ్ల చందాలతో, విదేశీ దాతల సాయంతో గుడి అవుతుంది. అక్కడా కొత్తగా వచ్చిన ఫాదర్‌ని అడిగితే ముందు చెప్పే మాట స్థలం ఎవరి పేర ఉందనే. రిజిస్ట్రేషన్ కాని స్థలంలో గోడలేపి తర్వాత కోర్టుల చుట్టూ తిరిగిన ఊళ్లు లేకపోలేదు. అమెరికా విచారణల్లో పనిచేస్తున్న తెలుగు గురువులు చాలామందే ఉన్నారు. మూసేసే గుళ్లనూ కిక్కిరిసే గుళ్లనూ ఒకే మేత్రాసనంలో చూస్తున్నవాళ్లు వాళ్లే. ఈ విషయం మీద వాళ్లు తెలుగులో రాస్తే బాగుంటుంది.

ఇన్ని కేసులు చూశాక నాకు తోచింది ఇది. కొత్తగా కట్టడం డబ్బూ ఓపికా ఉన్నవాళ్ల దారి, దశాబ్దాలు పడుతుంది. హాలు అద్దె తాత్కాలికమే, దాన్ని పదేళ్లు సాగదీస్తే పిల్లలు గుడి అంటే ఏమిటో తెలియకుండానే పెరుగుతారు. ఖాళీ అవుతున్న పాత గుడిని పాత పూజ విచారణకు అప్పగించడమే అందరికీ లాభం. బిషప్‌కు మరమ్మతు భారం తగ్గుతుంది, ఊరికి గుడి మిగులుతుంది, విచారణకు పీఠం దొరుకుతుంది. షరతు ఒక్కటే, అప్పగింత కాగితం మీద ఉండాలి. ఎన్నేళ్లు, మరమ్మతు ఖర్చు ఎవరిది, బిషప్ మారితే ఏమవుతుంది, అనుమతి రద్దయితే పెట్టిన డబ్బు సంగతేమిటి అన్నవన్నీ అందులో రాసుకోవాలి. 1222వ నియమం కింద గుడిని లౌకిక వాడకానికి వదిలేసే ముందు బిషప్పులు గురువుల సభను సంప్రదించాలి. ఆ సభ ముందు కొనుగోలుదారు పేరుతో పాటు, ఆ మేత్రాసనంలో హాలులో పూజ చేసుకుంటున్న విచారణ పేరు కూడా పెట్టమని మన మనవి.